గద్య లేని దృశ్యాలు

మన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కథ కొంత దూరం నడిచి ఆగినచోట కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పుకొని గాని ముందుకు సాగడు. విద్యార్థులు సాధారణంగా దానిని చదవరు. పరీక్షలో అడగరు కనుక ఉపాధ్యాయులమైన మేమూ దానివద్ద ఎక్కువసేపు నిలువము. కాని ఆ నాలుగు పంక్తులే లేకపోతే ఎందరు కవుల పేర్లు మనకు దక్కేవి? తాళపత్ర ప్రతి చివర వ్రాయసగాడు ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ ఊళ్ళో ఆ ప్రతి వ్రాసి ముగించాడో చెప్పకపోతే మన సాహిత్య చరిత్రకారులు కాలనిర్ణయాన్ని దేనిమీద నిలిపేవారు?

పాతికేళ్ళకు పైగా తెలుగు పాఠం చెబుతున్న నాకు ఈ గద్య విలువ పూర్తిగా బోధపడింది మొన్నటి ఫాల్గుణంలో. బోధించినవాడు ఒక మద్దెల కళాకారుడు. బోధపడిన చోటు ఆర్మూరు దాపున అంకాపూరులో ఒక పసుపు కళ్ళం. కావ్యాల గద్యకూ, నేడు విశ్వవిద్యాలయాలు కూడబెడుతున్న వీడియోలకూ ఉన్న సంబంధం నాకు అక్కడ తెలిసింది. ఆ సంగతికి ముందు మా తరగతి గదిలో జరిగినది చెప్పాలి.

దరువు, అడుగు

డిగ్రీ విద్యార్థులకు యక్షగానం పాఠం చెబుతున్నాను. 16వ శతాబ్దినాటి కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' మనకు లభించిన యక్షగానాలలో మొదటిదని పండితులు ఎంచుతారు. ఆచార్య ఎస్. వి. జోగారావుగారి 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' ఈ విషయంలో మాకు పెద్ద ఆధారం. ఏలలు, దరువులు, ధవళాలు, అర్ధచంద్రికలు, ద్విపదలు అంటూ లక్షణాలన్నీ నల్లబల్లమీద వ్రాశాను. వెనుక బెంచీలోని కుర్రవాడొకడు లేచి, "సార్, ఈ దరువుకు అడుగు ఎట్ల వేస్తరు?" అని అడిగాడు.

నేను మాత్రల లెక్క చెప్పాను.

"లెక్క చెప్పిన్రు సార్. నేను అడుగు గురించి అడుగుతున్న" అన్నాడు.

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. కాని సమాధానం నావద్ద లేదు. యక్షగానం ఆడేది, పాడేది. మేము దానిని చదివి, చదివించి, మార్కులు వేస్తున్నాము. నిజామాబాదు జిల్లాలో పాఠం చెప్పే వానికి ఇది మరీ చిన్నతనం. చిందు యక్షగానం ఈ నేలమీద తరతరాలుగా సాగిన కళ. చిందు కళాకారులు ఊరూరా తిరిగి జాంబ పురాణం, గయోపాఖ్యానం, సారంగధర, చెంచులక్ష్మి వంటి కథలు ఆడారు. బోధన్ ప్రాంతపు అమ్‌దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ పురుష వేషాలు సైతం ధరించి ప్రేక్షకులను మెప్పించిన మహానటి. ఆమె 2005లో కన్నుమూసింది.

ఆ మరుసటి ఏడు, 2006లో, ఇక ఆలస్యం చేయరాదన్న తొందరతో నేనొక వీడియో కెమెరా ఎరవు తెచ్చుకొని, ఆర్మూరు ప్రాంతపు ఒక గ్రామంలో రాత్రంతా జరిగిన చిందు యక్షగానాన్ని రెండు క్యాసెట్లకు ఎక్కించాను. ఆ పని చేశానన్న తృప్తితోనే కొన్నేళ్ళు గడిపాను. ఒక క్యాసెట్టుకు బూజు పట్టింది. రెండవదానిని డిస్కులోకి, డిస్కునుండి కంప్యూటరులోకి మార్పించాను. మిగిలినది గంటా పది నిమిషాల దృశ్యం. కంప్యూటరులో దానికున్న పేరు 'కొత్త ఫోల్డరు'.

కుర్రవాని ప్రశ్నకు సమాధానంగా మరునాడు ఆ దృశ్యాన్ని తరగతి గోడమీద వేశాను. అడుగు కనబడింది. దానితోపాటు పుస్తకంలో లేనివి మరెన్నో కనబడ్డాయి. ప్రధాన గాయకుడు పాదం ఎత్తుకొంటే వంత పాడేవారు ఎక్కడ అందుకొంటున్నారో, ఏ మాటకు ఆడవాళ్ళు నవ్వుతున్నారో, ఏ ఘట్టానికి పిల్లలు నిద్రపోతున్నారో, వేషగాని భుజకీర్తుల బరువు అతని నడకను ఎట్లా మారుస్తున్నదో విద్యార్థులు వేళ్ళతో చూపి చెప్పారు. లక్షణం వల్లె వేసే పిల్లలు లక్ష్యాన్ని పరిశీలించడం మొదలుపెట్టారు.

శ్రీకృష్ణ వేషం ప్రవేశించే ముందు ఒక దరువు మూడు పర్యాయాలు పాడటం అందులో ఉన్నది. "భగవంతుని రాకకు ప్రేక్షకుల మనస్సులను సిద్ధం చేయడానికి ఈ ఆవృత్తి" అని నేను వ్యాఖ్యానం చెప్పాను. విద్యార్థులు వ్రాసుకొన్నారు.

అంతలో ముందు వరుసలోని అమ్మాయి గబుక్కున లేచింది. "సార్, మద్దెల కొట్టేటాయన మా తాత! ఇది ఏ ఊళ్ళె తీసిన్రు?"

ఏ ఊరు? నాకు గుర్తు రాలేదు. ఏ నెల? చలికాలమని మాత్రం గుర్తు. కృష్ణ వేషం ఎవరిది? తెలియదు. ఆ రాత్రి వారందరితో కలిసి చాయ తాగినవాడను. ఒక్క చీటీమీద నాలుగు పేర్లు వ్రాసుకోలేదు. 'ఎట్లాగూ గుర్తుంటుంది గదా' అనుకొన్నాను. కవులు, వ్రాయసగాండ్రు వందల ఏళ్ళ క్రితమే గ్రహించిన విషయం ఎం. ఏ. చదివిన నాకు తట్టలేదు.

పాఠం చెప్పే దృశ్యం, సాక్ష్యం చెప్పే దృశ్యం

వీడియో మన విద్యారంగానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన 'సైట్' ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్ ద్వారా దేశవ్యాప్త తరగతి కార్యక్రమాన్ని ఆరంభించింది. ఇటువంటి కార్యక్రమాలు తయారు చేసే కేంద్రాలను సమన్వయపరచడానికి 1993లో కన్సార్టియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ ఏర్పడింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూ విశ్వవిద్యాలయం అట్టి కేంద్రాలను నడిపాయి. 2003లో ఐఐటీలు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటెల్ పాఠాలు మొదలుపెట్టాయి. 2017లో 32 ఛానెళ్ళతో 'స్వయం ప్రభ' వచ్చింది. అదే సంవత్సరం తెలంగాణలో టీ-శాట్ ప్రసారాలు మొదలయ్యాయి. మహమ్మారి కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి, మన బడిపిల్లలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలోనే పాఠాలు విన్నారు.

ఇవన్నీ ఉపకారకాలే. కాని ఇవి చాలా వరకు పాఠం చెప్పే దృశ్యాలు. ఉపాధ్యాయుని స్వరాన్ని దూరానికి చేర్చడం వాటి ప్రయోజనం. పరిశోధనకు కావలసినది వేరొక జాతి. అది సాక్ష్యం చెప్పే దృశ్యం. మద్దెల వాయించే చేయి, ఒగ్గుకథ చెప్పే గొంతు, వడ్లు దంచే పాట, తెగిపోతున్న ఒక మాండలికపు మాట, ఇవి ఎవరూ మనకు పాఠంగా చెప్పడం లేదు. జరిగినవి జరిగినట్లు పడి ఉన్నాయి. వాటినుండి పాఠం తీయవలసినది మనమే.

ఈ రెండవ జాతి దృశ్యం తాళపత్రం వంటిది. తాళపత్రం దొరికినంత మాత్రాన కావ్యం దొరికినట్లు కాదు. 19వ శతాబ్దిలో సి. పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులచేత పాఠాలు సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అంత శ్రమ జరిగిన తరువాతనే ఆ తాటాకులు మనకు సాహిత్యమయ్యాయి. వీడియోకు ఆ శ్రమ అక్కరలేదని మనం అనుకొంటున్నాము. కంటికి కనబడుతున్నది గదా, ఇక సందేహమెందుకని ధీమా. ఈ ధీమా ఎంత బలహీనమైనదో నాకు అంకాపూరులో తెలిసింది.

పసుపు కళ్ళం దగ్గర

నిజామాబాదునుండి ఆర్మూరు వెళ్ళే దారిలో అంకాపూరు ఎరుగనివారు అరుదు. విత్తనపు పంటలకు, మొక్కజొన్నకు, పసుపుకు పేరుపడిన ఊరు. రోడ్డు వెంట కాల్చిన మక్క కంకుల వాసన, పూటకూళ్ళలో నాటుకోడి కూర, వీటికోసం బాటసారులు ఆగుతారు. ఆగినవారు చేతిలోని ఫోనుతో కోడికూర వీడియో తీసుకొని పోతారు. అట్టివి లెక్కలేనన్ని ఉన్నాయి.

మా విద్యార్థిని తాతగారు పసుపు కాలంలో ఇక్కడికి కూలిపనికి వస్తాడు. మద్దెల ఇంట్లో గోడకు వ్రేలాడుతున్నదట. ఒక సాయంకాలం ఆ అమ్మాయి, ప్రశ్న అడిగిన కుర్రవాడు, నేను ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాము. ఉడికించిన పసుపు కళ్ళంలో పచ్చగా పరచి ఉన్నది. ఆయన ఎండిన పసుపును ఏరి కొమ్ములొకవైపు, మండలొకవైపు పోస్తున్నాడు. కలగలిపిన కుప్పకు మార్కెట్టులో ధర పలకదు.

గట్టుమీద కూర్చొని కంప్యూటరు తెరిచాము. ఆయన మొదట మాట్లాడలేదు. తన చేతులు తానే చూచుకొన్నాడు. తరువాత ఒక్కొక్కరి పేరు చెప్పసాగాడు. వంతగాళ్ళిద్దరిలో ఒకరు లేరు. కృష్ణ వేషం తన తమ్మునిది. ఊరి పేరు చెప్పాడు. సంవత్సరం చెప్పలేదు గాని, "చెరువు మత్తడి దుంకిన ఏడు, సంక్రాంతి పోయినంక" అన్నాడు. అంతవరకు వేషాలన్నీ ఒకటిగా కనబడిన దృశ్యం క్షణంలో మనుషులతో నిండిపోయింది.

ఇంతలో ఆ మూడుసార్లు పాడిన దరువు వచ్చింది. నేను ఉత్సాహంగా, "పెద్దయ్యా, ఇక్కడ మూడుసార్లు పాడింది దేవుడు వస్తున్నాడని చెప్పడానికే గదా?" అని అడిగాను.

ఆయన పకపకా నవ్వాడు. "దేవుడు రావద్దా సారూ? కిరీటం తాడు తెగింది. తెర ఎనుక అది కట్టేదాక మేం పాడినం."

కుర్రవాడు నావైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. నా వ్యాఖ్యానం ఆ తరగతి నోటుపుస్తకాలన్నిటిలో ఉన్నది.

పెద్దాయన అంతటితో ఆగలేదు. దృశ్యాన్ని మళ్ళీ వెనక్కు త్రిప్పించాడు. "రెండోమాటు నా దెబ్బ ఇనున్రి. మారింది. లోపలున్నోళ్ళను 'అయిందా' అని అడిగినట్టు. మూడోమాటుకు లోపలినుంచి గజ్జె మోగింది. 'అయింది' అన్నట్టు. గప్పుడు ముగించిన." మేము నాలుగుసార్లు విన్నాము. నిజమే. మద్దెలకూ తెర వెనుక గజ్జెకూ మధ్య సంభాషణ నడిచింది. నేను పందొమ్మిదేళ్ళుగా చూస్తున్న దృశ్యంలో అది నాకెన్నడూ వినబడలేదు. నేనల్లిన వ్యాఖ్యానం కంటె ఆయన చెప్పిన నిజం ఎన్నో రెట్లు విలువైనది. ప్రదర్శన జరుగుతుండగానే కళాకారులు పాఠాన్ని ఎట్లా సాగదీస్తారో, కుదిస్తారో, ఆ సంకేతాలేమిటో పరిశోధించదలచినవానికి ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడే మొలక అందులో ఉన్నది.

కంటితో చూచినదీ, చెవితో విన్నదీ నిజం కాకపోవచ్చు, విచారించినదే నిజమని మన పెద్దలు చెబుతారు. వీడియో మనకు చూపుతుంది, వినిపిస్తుంది. విచారణ మాత్రం మనకే విడిచిపెడుతుంది.

ఇతరులు చేసిన కృషి

ఈ విచారణను క్రమబద్ధం చేయడానికి అన్యదేశాలలో మంచి కృషి జరిగింది. అమెరికాలో ఇండియానా, మిషిగన్ విశ్వవిద్యాలయాలు 2001లో 'ఎవియా' అనే డిజిటల్ భాండాగారాన్ని ఆరంభించాయి. సంగీత, నృత్య, జానపద పరిశోధకులు క్షేత్రంలో తాము తీసిన వీడియోలోనుండి ఒక్కొక్కరు సుమారు పది గంటల భాగాన్ని అందులో దాచాలి. దాచినంత మాత్రాన సరిపోదు. మొత్తం ప్రదర్శనను ఒక సంఘటనగా, దానిని రంగాలుగా, రంగాలను క్రియలుగా విభజించి, ప్రతి భాగానికీ ఆ పరిశోధకుడే వ్యాఖ్య వ్రాయాలి. మన భాషలో చెప్పాలంటే కావ్యం, ఆశ్వాసం, పద్యం అనే విభాగం వంటిది. అందువల్ల ఎక్కడో ఉన్న అధ్యాపకుడు తనకు కావలసిన రెండు నిమిషాలను వెతికి పట్టి, వ్యాఖ్యతో సహా తరగతిలో చూపగలుగుతాడు.

మన దేశంలోనే జరిగిన మరొక ఉదాహరణ ఇంకా మనోహరమైనది. ఆర్నాల్డ్ బాకె అనే డచ్చి పండితుడు 1938లో దక్షిణ భారతంలో తిరిగి పాటలను, ఆటలను యంత్రాలకెక్కించాడు. 46 ఏళ్ళ తరువాత, 1984లో, నజీర్ జైరజ్‌భోయ్, ఏమీ కాట్లిన్ అనే పరిశోధకులు ఆ ప్రతులను వెంటబెట్టుకొని బాకె తిరిగిన చోట్లకు మళ్ళీ వెళ్ళారు. నాటి పాటలను నేటివారికి వినిపించి, ఏది నిలిచింది, ఏది మారింది, ఏది పోయింది అని అడిగి తెలుసుకొన్నారు. బాకె సేకరణ ప్రతులు 1982లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత భాండాగారంలో, గురుగ్రామ్‌లో ఉన్నాయి. భాండాగారం అంటే తాళం వేసిన బీరువా కాదని, తీసినవారి వద్దకు తిరిగి వెళ్ళవలసిన అప్పు అని ఆ ఇద్దరూ చేసి చూపారు.

మనకూ ఆ శక్తి లేకపోలేదు. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద, గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. మా జిల్లాలోనే 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పరికరాల ఖరీదు ఈనాడు పెద్ద అడ్డంకి కాదు. నా ఎరవు కెమెరా కంటె మంచి కెమెరా ప్రతి విద్యార్థి జేబులోనూ ఉన్నది. కొరత పడినది గద్య.

ఆట, మొక్కు

కళ్ళం దగ్గర మరొక సంగతి కూడా జరిగింది. దృశ్యం చివరి పది నిమిషాలలో తెల్లవారుజామున జరిగిన ఎల్లమ్మ వేషం ఉన్నది. అది రాగానే పెద్దాయన చేతులు జోడించాడు. కొంతసేపటికి, "దీన్ని ఎవరెవరికి చూపెడతరు సారూ?" అని అడిగాడు.

విద్యార్థులకు చూపుతానని, వీలైతే అందరూ చూచేటట్లు ఇంటర్‌నెట్టులో పెట్టాలని ఉన్నదని చెప్పాను. ఆయన ఆలోచించాడు. "ఆట పెట్టున్రి. పిల్లలు నేర్చుకుంటే మంచిదే. ఇది మాత్రం ఆట కాదు, మొక్కు. కోడికూర పక్కన పెట్టకున్రి" అన్నాడు.

ఆ మాటకు నావద్ద జవాబు లేదు. 1957 నాటి మన కాపీరైటు చట్టానికి 1994లో జరిగిన సవరణ ప్రదర్శకునికి తన ప్రదర్శనపై హక్కు కల్పించింది. ఆ చట్టం చదివినవాడనే. 2006లో నేను ఆ కళాకారులను కెమెరా పెట్టవచ్చునా అని అడిగాను గాని, తీసినదానిని ఏమి చేయవచ్చునో అడగలేదు. ఆ రెండూ వేరు ప్రశ్నలు. విశ్వవిద్యాలయాలు వేల గంటల దృశ్యాలు కూడబెట్టవచ్చు. అందులోని మనిషి ఇష్టాన్ని అడిగి వ్రాసిపెట్టకపోతే అది విద్య అనిపించుకోదు. ఆ పది నిమిషాలను మేము విడదీశాము. అది ఉన్నదని పట్టికలో ఉంటుంది. చూడాలంటే ఆ కుటుంబాన్ని అడగాలి.

మనం చేయగల పని

బడిపంతుళ్ళకు, విద్యార్థులకు ఇదంతా విశ్వవిద్యాలయాల గొడవగా తోచవచ్చు. కాని రేపటి విశ్వవిద్యాలయానికి చేరే సామగ్రి ఈనాడు మన ఊళ్ళలోనే తయారవుతున్నది. అంకాపూరు సంగతే చూడండి. కోడికూర వీడియోలు కోకొల్లలు. బాన పొయ్యిమీద పసుపు ఉడికించిన పద్ధతి పోయి ఆవిరి యంత్రం ఎట్లా వచ్చిందో, పాత పద్ధతిలో ఉడుకు తెలుసుకోవడానికి రైతు కొమ్మును ఎట్లా పరీక్షించేవాడో, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు ఏ పాట పాడేవారో, చేసినవారి పేర్లతో సహా చూపే దృశ్యాలు ఎన్ని ఉన్నాయి? ముప్ఫై ఏళ్ళ తరువాత ఈ ఊరి వ్యవసాయంమీద, పలుకుబడిమీద పరిశోధన చేయబోయే విద్యార్థికి మనం ఏమి మిగులుస్తున్నాము?

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఏదైనా దృశ్యం తీయగానే, కెమెరా ఆపకముందే, తీసేవారు తమ పేరు, ఊరు, తేదీ, ఎదుట ఉన్నవారి పేర్లు, వారు ఇచ్చిన అనుమతి గట్టిగా పలకాలి. అదే దాని గద్య. ఇంటికి రాగానే ఎన్నవ నిమిషంలో ఏమున్నదో కాగితంమీద వ్రాయాలి. ప్రతిని ఒక్కచోట కాక మూడుచోట్ల దాచాలి. ఒక ప్రతి ఆ కళాకారుని ఇంట ఉండాలి.

తరగతిలో చూపే పద్ధతి కూడా ఉన్నది. గంటసేపు గోడమీద బొమ్మ ఆడించి ఉపాధ్యాయుడు కునుకు తీస్తే అది పాఠం కాదు. మూడు నిమిషాల భాగం చాలు. మొదటిసారి ధ్వని లేకుండా చూపి ఏమి కనబడిందో అడగాలి. రెండవసారి చూపు మరల్చి వినమనాలి. మూడవసారి ముద్రిత పాఠం చేతికిచ్చి, ఆడినదానికి, అచ్చైనదానికి తేడాలు గుర్తించమనాలి. ఆ తేడాకు కారణం వెంటనే ఊహించి చెప్పరాదు. ఎవరిని అడిగితే తెలుస్తుందో వెతకమనాలి. ఈ చివరి మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

తరువాతి వారం తరగతిలో నేను నిలబడి, మూడు పర్యాయాల దరువుకు నేను చెప్పిన వ్యాఖ్యానం తప్పని, దానిని కొట్టివేసి కిరీటం తాడు సంగతి వ్రాసుకోమని చెప్పాను. పాతికేళ్ళలో విద్యార్థులు అంత శ్రద్ధగా నా మాట వ్రాసుకోవడం నేను చూడలేదు.

ఆ సాయంకాలం మా విద్యార్థిని గంటా పది నిమిషాల దృశ్యానికి పట్టిక వ్రాసింది. 'కొత్త ఫోల్డరు' అన్న పేరు తీసివేసి ఊరి పేరు, కథ పేరు పెట్టింది. చివర వేషధారుల పేర్లు, వంతల పేర్లు, మద్దెల తాత పేరు వరుసగా వ్రాసి, సంవత్సరం దగ్గర 'చెరువు మత్తడి దుంకిన ఏడు' అని వ్రాసి, దాని క్రింద 2006 అని చేర్చింది. అన్నిటికంటె క్రింద, 'ఇది వ్రాసినది ఆయన మనుమరాలు' అని తన పేరు వ్రాసుకొన్నది.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక పని చేయండి. ఏ ఫోనులోనో అమ్మమ్మ పాట, తాత కథ, ఊరి జాతర ఉండే ఉంటుంది. తెలిసినవారు దగ్గర ఉండగానే వారి పక్కన కూర్చొని చూడండి. వారు చెప్పిన పేర్లు నాలుగు పంక్తులలో వ్రాసిపెట్టండి.